కాటా దగ్గర నిలబడు

రాజమండ్రి

మేనకోడలికి,

మీ ప్లాంటు హెచ్.ఆర్. తరఫున నువ్వు వేసి పంపిన పన్నెండు నెలల 'ఎంగేజ్‌మెంట్ కేలండర్' చూశాను. జనవరిలో ముగ్గుల పోటీ, మార్చిలో మహిళా దినోత్సవం కేకు, జూన్‌లో ఫ్యామిలీ డే, నెలనెలా 'స్టార్ ఆఫ్ ద మంత్' ఫొటో. రంగులు బాగా వేశావు. మీ ఎం.డి. గారు మెచ్చుకుంటారు కూడా. అయినా "నిజంగా పనికొస్తుందా మావయ్యా, మొహమాటపడకుండా చెప్పు" అని అడిగావు కనక చెప్తున్నాను: అందులో సగం తీసెయ్. ఏ సగమో చివర్లో చెప్తాను, లేకపోతే నువ్వు మధ్యలోదంతా దాటేస్తావు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు ఊఁ కొడుతూ ఇంకోపక్క ఎక్సెల్ షీటు చూసుకుంటావని నాకు తెలుసు. అదీగాక రిటైరైన వెల్ఫేర్ ఆఫీసరుకి తెల్లకాగితం దొరికితే ఆగడు. ఓపిగ్గా చదువు.

'ఎంగేజ్‌మెంట్' అంటూ మీరు చదువుకునే పాఠానికి మొదటి పునాది వేసినవాళ్ళలో విలియం కాన్ అనే అమెరికన్ ప్రొఫెసరు ఒకడు. 1990లో ఒక వ్యాసం రాశాడు. ఒక వేసవి శిబిరంలోనూ ఒక ఆర్కిటెక్టుల ఆఫీసులోనూ పనిచేసేవాళ్ళని దగ్గరుండి గమనించాడు. మనిషి ఎప్పుడు పనిలో మనసు పెడతాడు, ఎప్పుడు ఒంటిని మాత్రం అక్కడ నిలబెట్టి మనసుని ఇంటికి పంపేస్తాడు అన్నది ఆయన ప్రశ్న. ఆయనకి తేలినవి మూడు. చేసే పనికి ఒక అర్థం కనపడాలి. నోరు విప్పితే తనకి ముప్పు రాదన్న ధీమా ఉండాలి. పనిలోకి వచ్చేసరికి ఒంట్లోనూ మనసులోనూ కాస్త ఓపిక మిగిలుండాలి. కేకు గురించి ఆయనేమీ రాయలేదు.

ఆ మూడింటినీ మీ ప్లాంటు లోపలికి తీసుకెళ్ళి చూద్దాం. ఎం.బి.ఏ.లో చెప్పే ఉదాహరణలన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలవి. బీన్ బ్యాగులు, టేబుల్ టెన్నిస్. నీకు దొరికింది రొయ్యల ప్లాంటు. 2009లో వెనామీ రొయ్యకి మన దేశంలో అనుమతి వచ్చాక భీమవరం చుట్టుపక్కల చెరువులు ఎంత పెరిగాయో నీకు తెలుసు; ఆ చెరువుల వెనకే ప్లాంట్లూ పెరిగాయి. ఆ ప్లాంట్లలో టేబుళ్ళ చుట్టూ నిలబడేది చాలావరకు ఆడవాళ్ళే. నాట్లకీ కోతలకీ వెళ్ళిన చేతులు ఇప్పుడు గ్లౌజుల్లో ఉన్నాయి. తల తీయడం, ఒలవడం, నరం లాగడం, గ్రేడింగ్, మళ్ళీ కడగడం, అన్నీ ఐసు నీళ్ళతోనే. షిఫ్టంతా నిలుచునే ఉండాలి. నువ్వు కూర్చునే గదిలోనూ ఏసీ ఉంది, వాళ్ళ హాలూ చల్లగానే ఉంటుంది. ఆ రెండు చలులూ ఒకటి కావని తెలియడానికి నువ్వు ఒక షిఫ్టు మొత్తం ఆ టేబులు దగ్గర నిలబడాలి. విజిటర్ కోటు వేసుకుని పది నిమిషాలు తిరిగొస్తే తెలియదు.

మీ దగ్గర ఒలుపు కిలో లెక్కన అని చెప్పావు. అయితే మీ ప్లాంటులో నమ్మకం మొదలయ్యేది కాటా దగ్గర, చచ్చేదీ అక్కడే. కాస్త లెక్క చూడు. వంద కౌంట్ రొయ్యంటే కిలోకి వంద తూగేది, ముప్పై కౌంటంటే ముప్పై తూగేది. కిలో వంద కౌంట్ ఒలవాలంటే ముప్పై కౌంట్ కంటే మూడు రెట్లకు పైగా చెయ్యి ఆడాలి. రేటు కౌంటుని బట్టి సరిగ్గా మారకపోతే, చిన్న రొయ్య ఏ టేబులు మీద పడితే ఆ టేబులు వాళ్ళకి ఆ రోజు కూలి పడిపోయినట్టే. ఇక ఏ టేబులుకి ఏ కౌంట్ వెయ్యాలో ఎవరు నిర్ణయిస్తారు? సూపర్‌వైజరు. ఒలిచిన మాంసం తూచేటప్పుడు నీళ్ళకని ఎంత తరుగు తీస్తారు? అది కాటా కుర్రాడి చేతి వాటం. ఆ పూట తన పేరు మీద ఎన్ని కిలోలు రాశారో ఒలిచినావిడకి తెలుస్తుందా? చాలాచోట్ల మేస్త్రీ నోటిమాటే రసీదు.

నువ్వు వేసే మొదటి కార్యక్రమం ఇదే కావాలి: కాటా అంకె కార్మికురాలి వైపు తిరిగి ఉండాలి. కౌంట్ వారీ రేటు, తరుగు ఎంతన్నదీ పెద్దక్షరాల తెలుగులో గోడ మీద ఉండాలి. ఒడిశా నుంచి వచ్చినవాళ్ళున్నారన్నావుగా, పక్కనే ఒడియాలోనూ ఉండాలి. పూట అయ్యేసరికి పేరు, కిలోలు, రూపాయలు రాసిన చిన్న చీటీ ఆవిడ చేతిలో పడాలి. టేబుళ్ళకి కౌంట్ వంతులవారీగా తిరగాలి, ఆ వంతుల జాబితా కూడా గోడ మీదే. దీన్ని ఎవరూ ఎంగేజ్‌మెంట్ అనరు, పేరోల్ అంటారు. పేరు నీకెందుకు? ఏ సంస్థలోనైనా ఒక మనిషి మొదట చూసేది తనకి రావలసింది తనకొస్తోందా, వస్తోందని తను సరిచూసుకోగలదా అనే. అది కుదరనిచోట ముగ్గుల పోటీ పెడితే ముగ్గు వేసి వెళ్తారు, అంతే.

ఇది రాస్తే మగ మేనేజర్లు మొహం పక్కకి తిప్పుతారు గానీ, రాయక తప్పదు: బాత్రూం. మీ హాల్లోంచి బాత్రూంకి వెళ్ళాలంటే ఆప్రాన్ విప్పాలి, గ్లౌజులు విప్పాలి, బూట్లు మార్చాలి; తిరిగొచ్చి మళ్ళీ కడుక్కుని, క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచి, బూట్లు ముంచి లోపలికి రావాలి. శుభ్రత కోసం అది అవసరమే, కాదనను. కానీ కిలో లెక్కన పనిచేసే మనిషికి ఆ వెళ్ళి రావడమంతా కూలి నష్టం. దాంతో ఏం చేస్తారు? నీళ్ళు తాగడం తగ్గిస్తారు. తర్వాత కడుపులో మంట అంటారు, ఒంట్లో బాగాలేదని మానేస్తారు, నీ షీటులో అది 'యాబ్సెంటీయిజం' అని ఎర్రరంగులో కనపడుతుంది. ఆ ఎర్రరంగుకి మందు మోటివేషన్ స్పీకర్ దగ్గర లేదు. బూట్లు మార్చుకునే చోటికి బాత్రూం దూరమెంత, గదులెన్ని, సూపర్‌వైజరు గట్టిగా అరవకుండా పంపిస్తున్నాడా, ఆ సమయానికి ఎంతో కొంత కట్టి ఇస్తున్నారా అన్నదాంట్లో ఉంది. కాన్ చెప్పిన మూడోది, ఓపిక మిగిలుండడం అన్నది, మీ ప్లాంటులో ఇలా ఉంటుంది.

షిఫ్టు సంగతి కూడా దీని పక్కనే. చెరువు పట్టుబడి ఎప్పుడు పడుతుందో ప్లాంటు చేతిలో ఉండదు. రేటు బాగుందని రైతు ఒక్కసారిగా పట్టేస్తాడు, రాత్రి పదింటికి లారీ వస్తుంది, సరుకు ఆగదు. అది వ్యాపారం. అయితే సాయంత్రం ఆరింటికి ఇంటికెళ్తానని పిల్లల్ని అత్తగారికి అప్పజెప్పి వచ్చిన మనిషికి అయిదున్నరకి "ఇవాళ ఆగాలి" అని చెప్పడానికీ, మధ్యాహ్నం రెండింటికే "లారీ ఉండొచ్చు, ఉండగలిగినవాళ్ళు పేరివ్వండి" అని చెప్పడానికీ చాలా తేడా ఉంది. కొనుగోలు విభాగానికి మధ్యాహ్నానికే అంచనా ఉంటుంది. వాళ్ళు నీకు చెప్పరు, నువ్వు అడగవు. రోజూ ఒంటిగంటకి అడిగే అలవాటు చేసుకో. ఆగినవాళ్ళకి ఓవర్‌టైం రెట్టింపు అని చట్టం చెప్తోంది. దాన్ని టీ, బిస్కట్‌గా మార్చడం నీ సంతకంతో జరగకూడదు.

ఇక సూపర్‌వైజర్లు. గ్యాలప్ సంస్థ దేశదేశాలు తిరిగి వేసిన లెక్కల్లో ఒకటి నాకు నచ్చుతుంది: జట్టుకీ జట్టుకీ మధ్య ఎంగేజ్‌మెంట్‌లో కనపడే తేడాలో కనీసం 70 శాతం ఆ జట్టు మేనేజరు వల్లే అంటారు వాళ్ళు. అంకె సంగతి ఎలా ఉన్నా, ఫ్యాక్టరీలో పనిచేసినవాడెవడూ ఈ మాటతో పేచీ పడడు. కార్మికురాలికి కంపెనీ అంటే ఎం.డి. కాదు, నువ్వూ కాదు. టేబులు చివర నిలబడి అరిచే ఆ మనిషే. మరి ఆ మనిషిని ఎలా ఎంచుతారు? చెయ్యి వేగంగా ఆడేవాణ్ణో, గొంతు పెద్దగా ఉన్నవాణ్ణో, బస్సు నిండా మనుషుల్ని తేగలిగినవాణ్ణో. ఈ మూడోవాడితో చాలా జాగ్రత్త. ఒక ఊరి నుంచి ముప్పైమందిని తెచ్చినవాడు ఆ ముప్పైమందికీ యజమానిలా నడుస్తాడు. మన ఊళ్ళలో పేట, కులం, చుట్టరికం గేటు బయట ఆగిపోవు. బూట్లు వేసుకుని లోపలికొస్తాయి. మంచి కౌంట్ తన వాళ్ళ టేబులుకి, చిన్నది పైపేట వాళ్ళ టేబులుకి. సెలవు ఒకరికి అడగ్గానే, ఇంకొకరికి నాలుగు రోజులు తిప్పించుకున్నాక. చీటీలు ఇవ్వడం మొదలుపెట్టావంటే ఇదంతా కాగితం మీద కనపడుతుంది. కనపడ్డాక అతన్ని పిలిచి తిట్టకు, ఆ చీటీలు ముందు పెట్టి చదవమను.

సూపర్‌వైజర్లకి శిక్షణ అంటే హైదరాబాదు నుంచి ఇంగ్లీషు మాట్లాడే ట్రైనర్‌ని పిలిపిస్తారు. వద్దు. సెలవు లేదని ఎలా చెప్పాలి, తప్పు చేసిన మనిషిని నలుగురి ముందు కాకుండా ఎలా మందలించాలి, కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారం ఎవరు తోడుండాలి: ఈ మూడే చాలు ఆరు నెలలకి. తెలుగులో, వాళ్ళ చేత మాట్లాడించి చేయించు. నాకు తెలిసిన ఒక మంచి ఫోర్‌మన్ ఉండేవాడు, ఎప్పుడూ గొంతు లేపేవాడు కాదు. "అరిస్తే మెషీన్ చప్పుడులో ఎలాగూ వినపడదు కదండీ, దగ్గరికెళ్ళి చెప్తే పోద్ది" అనేవాడు. దగ్గరికెళ్ళడమే అతని మేనేజ్‌మెంట్.

అడిగినదానికి జవాబు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇప్పుడు యానాం సంగతి. నువ్వు అప్పటికి చిన్నపిల్లవి, సరిగ్గా గుర్తుండదు. కాగితానికి పుదుచ్చేరిలో ఉన్నా యానాం మన గౌతమి ఒడ్డునే ఉన్న ఊరు, మన మనుషులే. అక్కడ రీజెన్సీ సిరామిక్స్ అని పెద్ద టైల్స్ ఫ్యాక్టరీ. 2012 జనవరిలో జీతాల పెంపూ కాంట్రాక్టువాళ్ళ పర్మినెంటూ అడుగుతూ కార్మికులు ఆందోళనలో ఉన్నారు. జనవరి 27న, రిపబ్లిక్ డే మర్నాడు, పోలీసు లాఠీఛార్జీ అయింది. కార్మిక నాయకుడొకాయన చనిపోయారు. ఆ కోపంలో జనం కంపెనీ ప్రెసిడెంటు మీద పడ్డారు, ఆయనా ప్రాణం పోగొట్టుకున్నారు. ఫ్యాక్టరీ తగలబడింది, కంపెనీ వాహనాలు కూడా. ఒక్కరోజులో అటొకరూ ఇటొకరూ పోయారు, తర్వాత ఏళ్ళ తరబడి ఫ్యాక్టరీ మూత. ఆ జీతాల మీద బతికిన ఇళ్ళన్నీ రోడ్డున పడ్డాయి.

దీన్ని 'లేబర్ ట్రబుల్' అని ఒక ముక్కలో తేల్చేసేవాళ్ళని నేను చూశాను. తప్పెవరిదో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు, కోర్టులున్నాయి. నీ ఉద్యోగానికి పనికొచ్చేది ఒకటే తీసుకో. అడిగిన మాటకి జవాబు రాని రోజులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే ఏమవుతుందో డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పాలా? తూము మూసి కూర్చుంటే నీళ్ళు ఆగవు, గట్టు తెగుతుంది. హెచ్.ఆర్. అన్నది ఆ తూము దగ్గర పెట్టిన మనిషి. నువ్వు పైకి మోసుకెళ్ళే ప్రతి కోరికా తీరదు. చాలావరకు తీరవు. అయినా "కుదరదు, ఇదీ కారణం, మళ్ళీ ఏప్రిల్లో చూద్దామన్నారు" అన్న జవాబు కూడా జవాబే. మనుషులు 'లేదు' అన్నదాన్ని భరిస్తారు. 'చూద్దాం' అన్నదాన్ని మూడోసారి భరించరు.

అందుకని ఒక పుస్తకం పెట్టు. మామూలు లాంగ్ నోట్‌బుక్. ఎవరు ఏమడిగారు, ఏ తేదీన, ఎవరికి చెప్పావు, జవాబేమిటి, ఏ తేదీన. ఈ అయిదు గడులు చాలు. ప్రతి శనివారం జవాబు రాని వరసలు చూసుకో. మీ జనరల్ మేనేజర్ని వారానికి పావుగంట అడుక్కుని ఆ వరసలే చదివి వినిపించు. సాఫ్ట్‌వేరు కొనమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. కొననీ. పుస్తకం మాత్రం మానకు.

చట్టం కూడా ఇప్పుడు నీ వైపే ఉంది. పాత 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోనే వందమంది, ఆ పైన ఉన్న చోట యాజమాన్యమూ కార్మికులూ కలిసి కూర్చునే వర్క్స్ కమిటీ మాట ఉండేది. చాలా ఫ్యాక్టరీల్లో అది ఫైలు దాటి బయటికి రాలేదు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఇరవైమంది, ఆ పైన ఉన్న చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి, రెండువైపులా సమాన సంఖ్యలో, పదిమందికి మించకుండా, ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఆ దామాషాకి తగ్గకుండా. ఫిర్యాదు వచ్చాక ముప్పై రోజుల్లో తేల్చాలి. మీ ప్లాంటులో ముప్పాతిక మంది ఆడవాళ్ళయినప్పుడు ఆ కమిటీలో ఒక్కావిడని మూల కూర్చోబెట్టి ఫొటో తీయించుకోవడం కుదరదు.

కమిటీలోకి ఎవర్ని తీసుకోవాలన్నది అసలు సంగతి. మేనేజరుకి నమస్కారం బాగా పెట్టేవాళ్ళ పేర్లు నీకు ముందే అందుతాయి. అవి పక్కన పెట్టి టేబుళ్ళ వారీగా వాళ్ళనే ఎంచుకోమను. కాస్త నోరున్నావిడ వస్తుంది, రానీ. నోరున్నావిడ కమిటీలో ఉంటే మీటింగులో మాట్లాడుతుంది, లేకపోతే బస్సులో మాట్లాడుతుంది. మీటింగులో ఏమనుకున్నారో తెలుగులో ఒక పేజీ రాసి నోటీసుబోర్డుకి అంటించు. ఆడవాళ్ళ మీద వేధింపుల ఫిర్యాదులకి 2013 చట్టం కింద వేరే కమిటీ ఉండాలి, దాన్ని దీంతో కలపకు. దాంట్లో బయటి సభ్యురాలిగా మీ ఎం.డి. గారి బంధువుని వెయ్యమంటే ఒప్పుకోకు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, నేనెలా కాదంటాను అంటావు. చట్టం కాపీ టేబులు మీద పెట్టి, అందరి ముందూ కాకుండా ఆయనొక్కడి దగ్గరా చెప్పు. చదువుకున్న యజమానులు చాలామంది వింటారు.

కాంట్రాక్టు మనుషుల గురించి నీ కేలండర్లో ఒక్క గడీ లేదు, గమనించావా? 'ఎంప్లాయీ' అంటే మీ రిజిస్టర్లో ఉన్నవాళ్ళే అనుకున్నావు. హాల్లో సగంమంది కాంట్రాక్టరు మనుషులైతే నీ సర్వే సగం హాలుకే. ఒకే టేబులు, ఒకే రొయ్య, ఒకే చలి. ఒకావిడకి బోనస్ స్వీటు బాక్సు, పక్కావిడకి లేదు. ఆ బాక్సు ఎవరికీ ఇవ్వకపోయినా అంత కోపం రాదు.

నువ్వు ఇవాళే మొదలుపెట్టగలిగింది, పైసా ఖర్చు లేనిది ఒకటి చెప్తాను: పేర్లు. మన తెలుగువాళ్ళ పేర్లు పీఎఫ్ వాళ్ళకి పెద్ద తలనొప్పి. ఆధార్లో ఇంటిపేరు ముందుంటుంది, బ్యాంకులో పొడి అక్షరంగా ఉంటుంది, పీఎఫ్‌లో అసలు ఉండదు. పెళ్ళయ్యాక ఇంటిపేరు ఒకచోట మారుతుంది, ఇంకోచోట మారదు. పుట్టిన తేదీ ఆధార్ తీయించిన రోజు ఎవరో నోటికొచ్చింది చెప్పారు. కూతురి పెళ్ళికి పీఎఫ్ డబ్బు తీసుకుందామని వెళ్ళినప్పుడు ఇవన్నీ బయటపడతాయి. అప్పుడు ఆవిడ ఇంటర్నెట్ సెంటరుకీ ఆఫీసుకీ తిరిగి, తిరిగి, మధ్యలో ఎవరికో కమీషనిచ్చి, చివరికి ఆ డబ్బు కంపెనీయే తినేసిందనుకుంటుంది. నెలకొక సగం రోజు క్యాంటీన్లో బల్ల వేసుకుని కూర్చో. ఆధార్, పాసుబుక్కు, ఫోను తెచ్చుకోమను. ఒక్కొక్కరి పీఎఫ్ ఖాతా (యూఏఎన్) తెరిచి చూపించు, సరిచెయ్యి. ఈఎస్ఐ కూడా అంతే. నెలకి 21,000 లోపు జీతమున్నవాళ్ళ దగ్గర 0.75 శాతం కోస్తున్నారు. ఆ కోతకి బదులు ఏం వస్తుందో చాలామందికి తెలియదు. కాన్పుకి 26 వారాల దాకా జీతం వస్తుందనీ, రాజమండ్రిలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉందనీ, కార్డులో కుటుంబసభ్యుల పేర్లు ఎక్కించకపోతే అత్తగారికి వైద్యం కుదరదనీ ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి. ఆ ఎవరైనా నువ్వే. ఆ బల్ల దగ్గర నీకు తెలిసే సంగతులు ఏ సర్వేలోనూ తెలియవు. పీఎఫ్ కోసమని వచ్చి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి "ఇంకో మాటమ్మా" అంటారు. ఆ ఇంకో మాట కోసమే బల్ల వెయ్యాలి.

పండగలూ వరదలూ. సంక్రాంతికి హాజరు పడిపోతుందని మీ ప్రొడక్షన్ మేనేజరు ఏటా తల పట్టుకుంటాడు. పండగ మాత్రం ఏటా అదే తారీఖుల్లో వస్తుంది, ఆయనే ఏటా ఆశ్చర్యపోతాడు. భోగి నుంచి ముక్కనుమ దాకా మన జిల్లాల్లో మనిషిని టేబులు దగ్గర నిలబెట్టే శక్తి ఎవరికీ లేదు. భీమవరంలో మావుళ్ళమ్మ ఉత్సవాలు మొదలవుతాయి, కనుమనాడు కోనసీమలో పుట్టిల్లున్నవాళ్ళు జగ్గన్నతోట ప్రభలకి వెళ్తారు, కోడిపందేల సంగతి చెప్పనే అక్కర్లేదు. మాఘమాసంలో అంతర్వేది తీర్థం. దాళ్వా కోతలప్పుడు సొంత చేనున్నవాళ్ళు మానేస్తారు. ఈ తేదీలన్నీ డిసెంబరులోనే కొనుగోలు విభాగానికి ఇచ్చి, ఆ రోజుల్లో తక్కువ సరుకు తీసుకోమని చెప్పించడం నీ పని. పండగకి వెళ్ళినవాళ్ళకి మెమో ఇవ్వడం కంటే, పండగ రోజుల్లో ఉన్నవాళ్ళకి ముందే చెప్పి ఎక్కువివ్వడం చవక. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి, ఇప్పట్నుంచే ఆలోచించుకో.

వరదలప్పుడు ఇంకా జాగ్రత్త. యలమంచిలి లంకల నుంచి వచ్చే వాళ్ళున్నారు మీకు. వశిష్ఠ పొంగితే కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది, పడవలే దిక్కు. ఆ రోజుల్లో రానివాళ్ళని చెప్పాపెట్టకుండా మానేసినవాళ్ళతో ఒకే గడిలో వెయ్యకు. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక ఎగరేశారంటే నువ్వే వాళ్ళకి ఫోన్ చెయ్యి. ఎలా ఉన్నారని అడుగు, రమ్మని కాదు. (అక్కడ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరెత్తకుండా గోదావరి జిల్లా మనిషి ఉత్తరం ముగించలేడంటారు. ధవళేశ్వరం అన్నాను కాబట్టి ఎత్తినట్టే అనుకో.)

చెడ్డ వార్త చెప్పడం నేర్చుకోవాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ధర పడిపోయింది, ప్లాంట్లలో పని తగ్గింది. అప్పుడు చాలాచోట్ల కార్మికులకి సంగతి టీ కొట్టు దగ్గరే తెలిసింది. ప్లాంటు మూసేస్తున్నారనీ పీఎఫ్ ఇక రాదనీ రకరకాలుగా. అలాంటప్పుడు మేనేజ్‌మెంట్ నోరు మూసుకుని కూర్చోవడం పరువనుకుంటుంది. నువ్వు మైకు పట్టుకుని అయిదు నిమిషాలు చెప్పించు: ఆర్డర్లు ఇంత తగ్గాయి, ఈ నెల ఇన్ని రోజులే పని, వంతులు ఇలా, పదిహేనో తారీఖున మళ్ళీ చెప్తాం. తను ఒలిచిన రొయ్య ఏ దేశం వెళ్తుందో, ఆ దేశంలో సుంకం పెరిగితే తన కూలి ఎందుకు తగ్గుతుందో అర్థం చేసుకునే తెలివి ఆ టేబులు దగ్గర ఉన్నావిడకి ఉంది. డ్వాక్రా గ్రూపులో లక్షల లెక్క చూస్తోంది ఆవిడ. నష్టాలప్పుడు నిజం చెప్పినవాళ్ళకే లాభాలప్పుడు బోనస్ బేరంలో మాట చెల్లుతుంది.

జీతం గురించి ఇంతదాకా నేనేమీ అనలేదని నీకు అనుమానం వచ్చుంటుంది. జీతం తక్కువైన చోట ఎంగేజ్‌మెంట్ పేరుతో ఏం చేసినా పూత. ఆ సంగతి కార్మికులకి తెలుసు, యజమానికీ తెలుసు, మధ్యలో మనమే తెలియనట్టు నటిస్తాం. చుట్టుపక్కల ప్లాంట్లలో ఏమిస్తున్నారో ఆరు నెలలకోసారి కనుక్కుని కాగితం మీద పెట్టు. ఎంతమంది మానేశారు, ఎందుకు, కొత్తవాళ్ళకి చెయ్యి తిరగడానికి ఎన్ని వారాలు పట్టింది, ఆలోపు ఎంత సరుకు దెబ్బతింది అన్నది రూపాయల్లో వేసి చూపించు. ప్రేమగా చెప్తే వినని యజమాని లెక్క చూస్తే వింటాడు. నా అనుభవంలో హెచ్.ఆర్. బలం మంచితనంలో కంటే లెక్కలో ఎక్కువ.

సర్వే చేస్తానన్నావు. గ్యాలప్ వాళ్ళ లెక్కే 2024లో ప్రపంచం మొత్తం మీద ఉద్యోగుల్లో నూటికి 21 మందే మనసు పెట్టి పనిచేస్తున్నారంటోంది కాబట్టి మీ ప్లాంటులో ఎనభై వస్తే సంబరపడకు, భయపడు. సూపర్‌వైజరు పక్కన నిలబడి టిక్కులు పెట్టించి ఉంటాడు. నలభై ప్రశ్నలొద్దు. నాలుగు చాలు: నీ చీటీలో కిలోలు సరిగ్గా ఉన్నాయా? కిందటి నెల నువ్వడిగినదానికి జవాబొచ్చిందా? ఒంట్లో బాగాలేదంటే నిన్ను పంపించారా? నీ చెల్లెల్ని ఇక్కడ చేర్పిస్తావా? చదవలేనివాళ్ళకి వేరే ప్లాంటు నుంచో కాలేజీ నుంచో వచ్చిన అమ్మాయిలు చదివి రాసుకోవాలి, మీ వాళ్ళు వద్దు. ఏం తేలిందో పదిహేను రోజుల్లో గోడ మీద పెట్టలేకపోతే అసలు అడగనే వద్దు.

సర్వే కంటే బస్సు మంచిది. నెలకోసారి తెల్లారుజామున చివరి ఊరికి వెళ్ళి కంపెనీ బస్సెక్కి వాళ్ళతో ప్లాంటుకి రా. మొదటిసారి ఎవరూ మాట్లాడరు. రెండోసారి ఎవరో సీటు జరిపి కూర్చోమంటారు. బస్సు ఆలస్యమైతే ఎంత కోత, డ్రైవరు ఎవరి ఇంటి ముందు ఆపుతాడు, ఎవరిని అరకిలోమీటరు నడిపిస్తాడు, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి.

ఇప్పుడు నీ కేలండర్. మహిళా దినోత్సవం కేకు తీసెయ్, ఆ డబ్బుతో ఆ రోజు డాక్టరమ్మని పిలిపించి రక్తపరీక్షలు చేయించు. స్టార్ ఆఫ్ ద మంత్ తీసెయ్; ఒకరి ఫొటో పెడితే మిగతావాళ్ళందరూ కాటా వైపు అనుమానంగా చూస్తారు. ఫ్యామిలీ డే ఉంచు. పిల్లలూ భర్తలూ అత్తగార్లూ లోపలికొచ్చి అద్దంలోంచి ఆ హాలు చూడాలి, ఇంటికెళ్ళాక ఆవిడ చేతులు ఎందుకు మొద్దుబారుతున్నాయో ఇంట్లోవాళ్ళకి తెలియాలి. ముగ్గుల పోటీ కూడా ఉంచు, పని గంటల్లో పెట్టి ఆ గంటలకి కూలి కట్టు. పనయ్యాక ఉండమంటే అది పండగ కాదు, ఓవర్‌టైం.

సోమవారం మీటింగులో ఇదంతా ఒకేసారి చెప్పకు, బెదిరిపోతారు. కాటా, చీటీ, రేటు చార్టు, ఈ మూడే అడుగు. డబ్బు పెద్దగా కాదు గనక కాదనడానికి కారణం వెతుక్కోవాలి. ఎవరు గట్టిగా కాదంటారో జాగ్రత్తగా చూసుకో, తరుగు ఎవరి జేబులోకి వెళ్తోందో దాదాపు తెలిసిపోతుంది.

మీ అత్తయ్య మాగాయ పెట్టింది. బస్సులో పంపితే నూనె కారుతుందని నేను వద్దన్నాను, వచ్చే ఆదివారం నువ్వే వచ్చి తీసుకెళ్ళు. వచ్చేటప్పుడు ఇప్పుడు మీ దగ్గర నడుస్తున్న కౌంట్ వారీ రేట్లు, కిందటి నెల తరుగు లెక్కలు జిరాక్సు తీయించి తీసుకురా. మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చుని చూద్దాం. అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య